పొట్టి పైపు మహిమ

ముందుగా పాఠకులకు క్షమాపణ. నేను అక్షరాలు నేర్చుకున్నది జుట్టు తెల్లబడ్డాక. నెమ్మదిగా రాస్తాను. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట ఏం రాశానో మరిచిపోయి మళ్లీ వెనక్కి వెళ్లి చదువుకుంటాను. అచ్చులో తప్పులు కనబడకపోతే ఆ పుణ్యం ఎడిటరుగారిది. ముఖ్యంగా ఒత్తులు. ఒత్తుల పాఠం జరిగిన రోజుల్లో నేను బడికి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

ఇంట్లో ఏసీని సరిగ్గా బిగించుకున్నవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది!

నవ్వకండి. సరిగ్గా బిగించిన ఏసీ వల్ల ఇంటికి వచ్చేదేమిటి? చల్లదనం. అంతే కదా! అదే తప్పుగా బిగిస్తే? ముసలివాళ్లకు ఉద్యోగం వస్తుంది. ఇరుగుపొరుగుతో రాకపోకలు పెరుగుతాయి. ఒంటికి వ్యాయామం దొరుకుతుంది. ఇంటికి ఒక నీటి వనరు ఏర్పడుతుంది. ఒకే ఖర్చుతో ఇన్ని లాభాలా అని మీరు అడగవచ్చు. అందుకే దాన్ని ప్రొఫెషనల్ ఇన్‌స్టలేషన్ అంటారు.

మేముండే చోట గాలిలో సగం నీళ్లే. ఉప్పు డబ్బా మూత తీస్తే లోపల చిన్న చెరువు. అగ్గిపుల్ల గీస్తే మండదు, నిట్టూరుస్తుంది. దండెం మీద ఆరేసిన తువ్వాలు మర్నాటికి ఉతికినప్పటికంటే తడిగా ఉంటుంది. ఇలాంటి చోట మా అబ్బాయి ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద ఉద్యోగం చేస్తాడు. చెమటకు మీటలు జారిపోతున్నాయని ఏసీ కొన్నాడు. న్యాయమే.

బిగించడానికి ప్రొఫెషనల్ వచ్చాడు. చొక్కా మీద కంపెనీ బొమ్మ, నడుముకు పనిముట్ల బెల్టు, చెవిలో ఫోను. ఇది ఒకటిన్నర టన్ను అని ఆయన అనగానే నేను గోడను తట్టి చూశాను.

"మా గోడ అంత బరువు మోస్తుందా నాయనా?"

"అది బరువు కాదమ్మా, చల్లదనం."

చల్లదనాన్ని టన్నుల్లో తూచే రోజులొచ్చాయని అప్పుడు తెలిసింది. మా కాలంలో అది వానాకాలంలో ఊరికే వచ్చేది, కొసరుతో సహా.

ఆయన గోడకు పెట్టెను తగిలించి, దాని మీద నీళ్ల బుడగ ఉన్న గాజు కడ్డీ ఒకటి పెట్టాడు. బుడగ మధ్యలో నిలిస్తే పెట్టె సమంగా ఉన్నట్టట. బుడగ ఒక చివరికి పోయి కూర్చుంది. ప్రొఫెషనల్ కాసేపు దాన్ని చూశాడు. తర్వాత తన తల పక్కకు వంచి చూశాడు. బుడగ మధ్యకు వచ్చింది! పెట్టెను కదపకుండా తలనే కదిపి సమం చేయడం, ఎంత చదివితే వస్తుందండీ ఆ విద్య?

తర్వాత గోడకు కన్నం. ఏసీ గాలిలోంచి పిండిన నీళ్లు పైపులో పడి ఆ కన్నంలోంచి బయటికి పోవాలి. కాబట్టి కన్నం బయటి వైపుకు వాలి ఉండాలి. మాది లోపలి వైపుకు వాలింది. అంటే మా ఇంటి నీళ్లు మెట్లెక్కినట్టు పైకెక్కి బయటికి పోవాలి. నీళ్లు ఎక్కవని ఆయనకు తెలియక కాదు. మా ఇంటి నీళ్ల మీద ఆయనకు అంత నమ్మకం.

పని అవగానే ఫోను తీసి మా అబ్బాయి ముందు పెట్టాడు. "సార్, ఐదు స్టార్లు కొట్టండి."

"ఇంకా ఆన్ చేయలేదు కదా?"

"ఆన్ చేశాక కొడతారో లేదో సార్."

ఇంత నిజాయితీ ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది! మా అబ్బాయి కొట్టేశాడు.

ఆ సాయంత్రానికి నీళ్లు గోడ వెంట దిగి కంప్యూటర్ బల్ల మీదకు వచ్చాయి. మర్నాడు ప్రొఫెషనల్ మళ్లీ వచ్చి, గోడనూ మమ్మల్నీ ఒకే రకంగా చూసి, కన్నంలోంచి పైపు పీకేసి, కిటికీ సందులోంచి బాల్కనీలోకి దించాడు. పైపు బాల్కనీ నేలకు మోకాలెత్తున గాలిలో ఆగిపోయింది. కింద పడ్డ నీళ్లు బాల్కనీ తూములోంచి సరాసరి కిందింటి టైలరమ్మ రేకు మీదకే పోతాయి. ఆ రేకు కిందే ఆమె కుట్టుమిషను.

"ఇంకాస్త పొడుగు పైపు వేస్తే వీధి కాలవ దాకా పోతుంది కదయ్యా?" అన్నాను.

"ప్యాకేజీలో పైపు ఇంతేనమ్మా. టెంపరరీగా ఒక బకెట్ పెట్టుకోండి."

టెంపరరీ! ఎంత చక్కటి మాట! ఇల్లు కూలుతుంది, మనిషి పోతాడు, టెంపరరీ మాత్రం చెక్కు చెదరదు.

అలా నాకు ఉద్యోగం వచ్చింది. దరఖాస్తు లేదు, ఇంటర్వ్యూ లేదు, పదవీ విరమణ అంతకన్నా లేదు. బకెట్ నిండగానే మోసుకెళ్లి స్నానాల గదిలో పారబోసి మళ్లీ పెట్టాలి. వచ్చేలోగా ఒక గిన్నె అడ్డం పెట్టాలి. ఇదంతా మీకు చిన్న పనిలా కనిపించవచ్చు. మా ఊరి గాలిని మీరు పిండి చూడలేదు కాబట్టి అలా అనిపిస్తుంది. తెల్లారి ఒకసారి, కాఫీకి ముందు ఒకసారి, కాఫీ తాగుతుండగా ఒకసారి. మబ్బు పట్టిన రోజైతే బకెట్ పెట్టి వెనక్కి తిరిగే లోపే లోపలి నుంచి పిలుపు.

"అమ్మా, నిండినట్టుంది!"

గది తలుపు మూసే ఉంటుంది. పిలుపు మాత్రం ఆ సందులోంచి బయటికి వస్తుంది. నేను పొరపాటున తలుపు తీస్తే మా కోడలు, "అత్తయ్యా, తలుపు! చల్లదనం పోతుంది!" అని కంగారుపడుతుంది. ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా నేను ఎన్నోసార్లు బయటికి వెళ్లాను, వచ్చాను. నేను పోతానని ఎవరూ అంత కంగారుపడలేదు. చల్లదనానికి ఉన్న గౌరవం అది!

బకెట్ కాస్త ఆలస్యమైతే పొరుగింటి స్నేహం పెరుగుతుంది. టైలరమ్మ మెడ వెనక్కి వంచి కింది నుంచి కేకేస్తుంది.

"ఏం పిన్నీ, పైన మేఘాన్ని పెంచుతున్నారా?"

"పెంపుడు మేఘమే అమ్మా. కరవదు."

"కరిచినా పర్వాలేదు. కస్టమర్ కోటు మీద ఉచ్చ పోస్తోంది!"

ఏసీ రాకముందు మేమిద్దరం మెట్ల మీద ఎదురుపడితే తలూపుకుని వెళ్లిపోయేవాళ్లం. ఇప్పుడు చూడండి, ఎంత చనువు!

మా అబ్బాయి కంపెనీకి ఫోన్ చేయకపోలేదు. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని ఒక అమ్మాయి చెప్పి, ముఖ్యమైనవాటిని భద్రంగా దాచుకోవాలి కాబట్టి కాబోలు, పాట పెట్టి వెళ్లిపోయింది. చాలాసేపటికి వచ్చి అడిగింది: "నీళ్లు నేల మీద పడుతున్నాయా సార్?"

"లేదండీ, బకెట్‌లో పడుతున్నాయి."

"బకెట్ ఎవరు తీస్తున్నారు సార్?"

"మా అమ్మ."

వెంటనే ఫోనుకు మెసేజ్ వచ్చింది. మీ సమస్య పరిష్కరించబడింది.

ఇక్కడ ఒక్క చిన్న ఇబ్బంది. చెప్పడానికే మొహమాటంగా ఉంది. పిల్లల బడి వదిలాక సాయంత్రం పూట అదే గదిలో మాలాంటి పెద్దవాళ్లకు అక్షరాలు చెబుతారు. చిన్న బెంచీలు. మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. మా ఆయన ఉన్నన్నాళ్లూ బస్సు బోర్డులు ఆయనే చదివేవారు. ఆయన పోయాక నాకు బస్సులన్నీ ఒకేలా కనిపించాయి. ఒకరోజు కూరగాయలకని ఎక్కి పక్క ఊళ్లో దిగాను. మర్నాడే వెళ్లి బడిలో పేరు రాయించుకున్నాను.

గుణింతాలు దాటి ఒత్తుల దాకా వచ్చాను. అప్పుడు ఏసీ వచ్చింది. సాయంత్రమే దానికి పని ఎక్కువ, నాకూ ఎక్కువ. ఒక రోజు మానేశాను. తర్వాత వారమంతా. పంతులమ్మ ఇంటికే వచ్చింది.

"పెద్దమ్మా, వచ్చే వారం నుంచి ఉత్తరాలు రాయిస్తున్నాను. ఈలోపు ఒత్తులు అందుకోకపోతే మిమ్మల్ని మళ్లీ కొత్తవాళ్లతో, అ ఆల దగ్గర కూర్చోబెట్టాలి. ఏమీ అనుకోకండి."

'అ' మీద నాకు కోపం లేదు. చాలా మంచి అక్షరం. రోజూ తలుపు సందులోంచి నాకు మొదట వినిపించేది అదే. కానీ ఒక్కో అక్షరం ఒక్కో మెట్టులా ఎక్కొచ్చాను. దిగమంటే మోకాళ్లకంటే మనసుకు ఎక్కువ నొప్పి.

"అబ్బాయీ, సాయంత్రం ఆ గంటసేపు నువ్వు బకెట్ చూసుకుంటావా?" అని అడిగాను.

"ఆ టైమ్‌లోనే మీటింగ్ ఉంటుందమ్మా. పోనీ నువ్వు క్లాస్ టైమ్ మార్చుకోకూడదూ?"

నిజమే! పంతులమ్మనూ, తోటి విద్యార్థులనూ, బడి వాచ్‌మన్‌నూ మా బకెట్‌ను బట్టి నడుచుకోమంటే సరిపోతుంది. ఈ ఆలోచన నాకెందుకు రాలేదో! కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఇక మిగిలింది నేను, బకెట్.

మర్నాడు సాయంత్రం బకెట్ పారబోశాను. శుభ్రంగా కడిగాను. పైపు కింద సరిగ్గా పెట్టాను. తలుపు సందులోంచి "వెళ్తున్నానురా" అన్నాను. లోపల మీటింగ్ జరుగుతోంది. పలక సంచీ తగిలించుకుని మెట్లు దిగి బడికి వెళ్లిపోయాను.

తర్వాత జరిగింది నేను చూడలేదు, టైలరమ్మ చెప్పింది. ఆమె ఏ మాటకైనా కొలత కంటే నాలుగు వేళ్లు ఎక్కువే గుడ్డ కత్తిరిస్తుంది, ఆ ఎక్కువైంది మీరే లోపలికి మడిచేసుకోండి. బకెట్ నిండిందట. పొంగిందట. బాల్కనీ తూము రేకు మీదకు ధార కట్టిందట. ఆమె కింది నుంచి "పిన్నీ!" అని గొంతు చించుకుందట. పిన్ని అక్కడ 'క'కు 'ష' ఒత్తు తగిలిస్తూ చెమటలు కక్కుతోందని ఆమెకేం తెలుసు? నీళ్లోడుతున్న కోటు చేతపట్టుకుని మేడెక్కి, గది తలుపు తోసుకుని సరాసరి మా అబ్బాయి వెనకాల నిలబడిందట. కంప్యూటర్‌లో ఆఫీసు ఆఫీసంతా వరసగా కూర్చుని ఉందట.

"ఏం బాబూ, మీ అమ్మ ఏదీ?"

"బయటికి... ఏమో... ఆంటీ, మీటింగ్‌లో ఉన్నాను!"

"ఉండు, ఉండు. నేనూ ఉంటాను. ఏమండీ, అందరూ చూడండి, ఈ కోటు రేపు ఇవ్వాలి! వీళ్ల ఏసీకి పైపు లేదు, దాని బదులు వీళ్లమ్మను పెట్టుకున్నారు!"

ఆ కంప్యూటర్‌లోంచి పెద్ద ఆఫీసరు గొంతు సవరించుకుని, "ముందు ఆ పైపు సంగతి చూడవయ్యా" అన్నాడట.

నేను తిరిగొచ్చేసరికి మా అబ్బాయి ప్యాంటు మడిచి బాల్కనీలో ఉన్నాడు. రెండు చేతులా బకెట్. ముఖం ఎర్రగా ఉంది.

"ఇంత బరువుంటుందేంటమ్మా ఇది?"

"చల్లదనం రా. టన్నుల్లో కదా కొన్నావు!"

మర్నాడు పొద్దున్నే పొడుగు పైపు వచ్చింది. బిగించడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఇన్నాళ్లూ ప్యాకేజీలో లేని పైపు, ఊళ్లో ఎక్కడా దొరకని పైపు, నేను ఒక్క సాయంత్రం ఇంట్లో లేకపోతే మొలుచుకొచ్చింది!

అప్పుడు అర్థమైంది నాకు. ఆ ప్రొఫెషనల్‌ను అనవసరంగా ఆడిపోసుకున్నాను. ఫోనులోని అమ్మాయినీ అన్నాను. సమస్య పరిష్కరించబడింది అని ఆమె రాసింది అబద్ధం కాదు. తడవకుండా కూర్చున్నవాళ్లందరికీ అది నిజంగానే పరిష్కారమై ఉంది. పరిష్కారం పేరు అమ్మ. నేను మోసినన్నాళ్లూ అది ఆ ఇంట్లో సమస్యే కాదు. నేను దించాకే నీళ్లు కనిపించాయి.

కాబట్టి పాఠకులారా, మీ ఇంట్లో ఏదైనా టెంపరరీగా నడుస్తుంటే, దాని కింద ఎవరు నిలబడి ఉన్నారో ఒకసారి వంగి చూడండి. నిలబడింది మీరే అయితే, సంచీ తగిలించుకుని ఒక గంట ఎటైనా వెళ్లి రండి.

ఉంటాను. ఉత్తరాల పాఠం మొదలైంది.

ఇట్లు,
బడిలో అందరికీ పెద్దమ్మ. వయసు అరవై ఎనిమిది. ఉండేది టైలరమ్మ పై వాటా. సాయంత్రం పూట వస్తే ఇంట్లో దొరకను.