సుహాస్ చౌగులే నడక

ఆ ఉదయం సుహాస్ చౌగులే వేసుకున్న పథకం చాలా చిన్నది. గంగావేశ్ పాలకట్ట దగ్గర ఎప్పటిలా ఓ లోటా పాలు తాగాలి, తన చెప్పుల దుకాణం తెరిచేలోగా గుట్టుచప్పుడు కాకుండా డాక్టర్ గాడ్గీళ్‌ని కలిసి రావాలి. పాలు మానేస్తే కొల్హాపూర్‌లో నలుగురూ ఆరా తీస్తారు. అందుకని ముందు పాలు.

డాక్టర్‌తో పని గట్టిదే. పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు లేరు. పరీక్షలు చేస్తే, సుహాస్‌కి ఎడమవైపు వృషణం పైన నరాలు ఉబ్బి చుట్టలు చుట్టుకున్నాయని తేలింది. వెరికోసీల్ అన్నారు. మూడు వారాల కిందట ఆపరేషన్ అయింది. ఊళ్లో మాత్రం తోలు కొనడానికి పుణె వెళ్లాడని చెప్పారు. అసలు సంగతి అతని భార్య ప్రాజక్తాకి తప్ప ఎవరికీ తెలియదు.

"కొందరికి మళ్లీ రావచ్చు" అని డాక్టర్ అన్న ఒక్క మాట సుహాస్ బుర్రలో తిష్ట వేసింది. రోజూ స్నానాల గదిలో తడిమి చూసుకునేవాడు. మొన్నటి నుంచి అక్కడ సలుపు మొదలైంది. ఏదో గట్టిగా చేతికి తగులుతోంది కూడా. తిరిగొచ్చేసిందా? ఆ మాట ప్రాజక్తాతో అనడానికి నోరు రాలేదు. ఆమె అప్పుడే ఊయల ఏ దూలానికి కట్టాలా అని తలెత్తి చూసుకుంటోంది.

"కింద ఆధారం ఉండాలి, కాస్త బిగుతైనది వేసుకో" అని కూడా డాక్టర్ చెప్పాడు. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన సాగే పట్టీ సుహాస్ కంటికి ఆనలేదు. కుస్తీ తాలింఖానాలో పెరిగి పెద్దయినవాడికి బిగుతు గురించి ఇంకొకరు చెప్పాలా? మొన్న పెట్టె అడుగు నుంచి తన పాత ఎర్ర లంగోటా తీసి, గోదాలోకి దిగేవాడిలా లాగి కట్టాడు.

పాలకట్ట దగ్గర గేదెలు వరసగా నిలబడి ఉన్నాయి. రాతి అరుగు మీద హిందూరావ్ వస్తాదు కూర్చుని ఉన్నాడు. సుహాస్‌కి కుస్తీ నేర్పిన గురువు, పేటంతటికీ ఆబా. పెళ్లయ్యాక శిష్యుడు గోదా వదిలేశాడని ఆయన కడుపులో పెట్టుకున్న బాధ అంతా ఇంతా కాదు.

"ఆగక్కడ! వెనక్కెళ్లి మళ్లీ నడువు," అన్నాడు వస్తాదు.

సుహాస్ నడిచాడు. కాళ్లు ఎడంగా, అడుగు చూసుకుంటూ, పళ్లు బిగించి. ఆ పేటలో అలాంటి నడకకి ఒకటే కారణం ఉంటుంది.

"ఎన్ని బస్కీలు తీశావురా?"

అసలు కారణం అంతమంది మధ్య చెప్పేదా? "ఏదో... కొంచెం, ఆబా," అన్నాడు సుహాస్.

"కొంచెమట! తొడలు పట్టేసేదాకా తీసి కొంచెమంటున్నాడు! చూశావా పోపట్, నాకు చెప్పకుండా సాధన మొదలెట్టాడు నా బిడ్డ!" వస్తాదు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

గేదెలవాడు పోపట్ పాలు పితకడం ఆపేశాడు. "వడణగే జాతర కుస్తీల్లో ఆ సాంగ్లీవాడికి ఎదురు నిలిచే జోడీ దొరకట్లేదట, ఆబా. వాడితో పోలిస్తే నా గేదే నాజూకు. మనవాడి పేరు ఇచ్చేయనా?"

"అయ్యో, వద్దు!"

"చూడు, ఎంత వినయమో!" అని వస్తాదు మురిసిపోయాడు. పోపట్ అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకున్నాడు. ఎవరో సుహాస్ తలకి పాగా చుట్టారు. ఇంకెవరో డప్పువాడిని పిలిచారు. బలానికని మరో రెండు లోటాల పాలు సుహాస్ గొంతులోకి దిగాయి.

"నాకు పనుంది ఆబా, తోలు బేరానికి వెళ్లాలి," అని సుహాస్ స్కూటర్ ఎక్కాడు. వస్తాదు వెనకాల ఎక్కి కూర్చున్నాడు. "ఇక నిన్ను వదిలేది లేదు. పద." ముందు డప్పు, మధ్యలో స్కూటర్, వెనక సగం పాలకట్ట. ప్రతి గతుకుకీ సుహాస్‌కి ప్రాణం పోయి వస్తోంది. చూసేవాళ్లకి అతని ముఖంలో రోషం కనిపించింది.

దారి సరిగ్గా అతని ఇల్లు, దుకాణం ముందు నుంచే. డప్పు చప్పుడుకి ప్రాజక్తా బయటికొచ్చింది.

"వదినా, హారతి పళ్లెం తే! రహస్యంగా బస్కీలు తీస్తున్నాడు మీ ఆయన!" అని అరిచాడు పోపట్.

ఆమె ముఖం ఎర్రబడింది. "బస్కీలా? బరువెత్తకూడదని డాక్టర్ అంతలా చెబితే బస్కీలు తీస్తావా? ఆపరేషనైన మనిషివి కాదూ నువ్వు?"

"ఏ ఆపరేషన్?" అని అందరూ ఒక్కసారే అడిగారు.

సుహాస్ స్కూటర్ ఆపేశాడు. ఇక దాచడానికి ఏం మిగిలింది? "ఒక్క బస్కీ కూడా తియ్యలేదు, ప్రాజూ. నొప్పిగా ఉంది, అందుకే ఇలా నడుస్తున్నా. మళ్లీ వచ్చిందేమోనని భయమేసింది. నీకు చెప్పలేకపోయాను."

ఆమె పమిట నడుముకి దోపి, "మీరు దిగండి ఆబా," అని వెనక ఎక్కి కూర్చుంది. "పద గాడ్గీళ్ దగ్గరికి. ఏదైతే అది ఇద్దరం విందాం."

ఆపమని ఎవరూ చెప్పలేదు కనక డప్పువాడు ఆసుపత్రి గుమ్మం దాకా వాయిస్తూనే వచ్చాడు. గురువు హోదాలో వస్తాదు కూడా లోపలికి దూరాడు.

డాక్టర్ తెర లాగి చూసి, "ఇదెవరు కట్టారు?" అని అడిగాడు.

"నేర్పింది నేనే," అన్నాడు వస్తాదు తెర బయటి నుంచి. "ఏ పట్టుకీ ఊడదు."

దాన్ని విప్పడానికి డాక్టర్‌కీ చెమట పట్టింది. విప్పగానే సుహాస్ హమ్మయ్యా అని ఊపిరి వదిలాడు. నిలబెట్టి దగ్గమన్నారు. తర్వాత స్కాన్ తీశారు. తెర అవతల ప్రాజక్తా చెంగు కొసని మెలిపెడుతూ నిలబడింది.

"తిరిగి రాలేదు," అన్నాడు డాక్టర్. "రాదని రాసివ్వలేను, కొందరికి వస్తుంది. నీకైతే ఇప్పుడు లేదు. ఆ గట్టిదనం ఆపరేషన్ వాపే, మెల్లగా తగ్గుతుంది. నొప్పంతా ఈ లంగోటా పుణ్యమే. ఆధారం ఇమ్మన్నాను గానీ ఉరి వెయ్యమన్నానా? ఆపరేషనైన మూడో నెలలో మళ్లీ పరీక్ష చేద్దాం, పిల్లల మీద ఆశ పెట్టుకోవచ్చు."

ప్రాజక్తా నవ్వింది, వెంటనే ఏడ్చింది. సుహాస్ ఆమె చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. వస్తాదు మాత్రం కదల్లేదు.

"డాక్టర్, నాకూ ఎడమవైపే," అన్నాడు గొంతు తగ్గించి. "ఏళ్ల తరబడి బరువుగా ఉంటోంది. కసరత్తు గుర్తనుకున్నా."

డాక్టర్ మళ్లీ తెర లాగాడు.

జాతర కుస్తీల జాబితాలోంచి సుహాస్ పేరు తీసేశారు. కొన్నాళ్లు కనిపించకుండా పోయిన వస్తాదు ఒక ఉదయం పాలకట్ట దగ్గరికి కాళ్లు ఎడంగా వేసుకుంటూ, అడుగు చూసుకుంటూ వచ్చాడు. పోపట్ పితకడం ఆపి నోరు తెరిచాడు. "ఎన్ని బస్కీలు, ఆబా?"

వస్తాదు సుహాస్ వైపు చూశాడు. సుహాస్ లోటాలోకి చూశాడు.

"ఏదో... కొంచెం," అన్నాడు వస్తాదు.

సాయంత్రానికల్లా సాంగ్లీవాడికి జోడీ దొరికింది.