శారదా బృందం వారి కన్నీళ్లు

ఆ రోజు పొద్దున లక్ష్మీనరసింహం వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. గుంటూరులో బస్సెక్కడం, దాచేపల్లిలో దిగడం, అక్కడి ఒక సిమెంటు ఫ్యాక్టరీ వార్షికోత్సవంలో సాయంత్రం కాసేపు వాయించడం, శాలువా కప్పితే కప్పించుకోవడం, తిరిగి వచ్చేయడం. ఇంతే.

లక్ష్మీనరసింహం పత్తి మిల్లులో గుమాస్తా. ఫిడేలు వాయిస్తాడు. అతని భార్య చెల్లెలు బాలసరస్వతి ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం టీచరు. ఆవిడది వీణ. మిషను స్కూల్లో లెక్కలు చెప్పే ప్రేమదాసు మృదంగం వాయిస్తాడు. ముగ్గురూ కలిస్తే శ్రీ శారదా వాద్య బృందం. పుట్టి తొమ్మిదేళ్లైంది. ఈ తొమ్మిదేళ్లలో వాళ్లు ఎక్కువగా పెళ్లిళ్లలోనే వాయించారు. వాళ్లు శ్రుతి చేసుకోవడం మొదలుపెడితే విస్తళ్లు వేశారని అర్థం చేసుకుని జనం లేచి వెళ్లిపోయేవారు.

గుంటూరులో ఒక సంగీత సభ ఉంది. ఏటా ఉత్సవాలు జరిపిస్తుంది. మిర్చి కమీషన్ వ్యాపారి జానకిరామయ్య దానికి అధ్యక్షుడు. లక్ష్మీనరసింహం ఏటా ఆయన కొట్టుకు వెళ్లి, తమకూ ఒక పూట ఇప్పించమని అడిగేవాడు. "మనూరి వాళ్లే గదయ్యా! మిమ్మల్ని ఎప్పుడైనా వినొచ్చు" అనేవాడాయన. ఆ 'ఎప్పుడైనా' ఇంతవరకూ రాలేదు.

"ఈ ఏడు కూడా పిలవకపోతే నేను మానేస్తాను బావగారూ" అంది బాలసరస్వతి బస్సులో కూర్చుంటూనే. "ఇంట్లో నలుగురు పిల్లలకి ట్యూషన్ చెప్పుకుంటే వాళ్లైనా వింటారు."

"అదేం మాట సరస్వతీ! వీణ లేకపోతే బృందమేంటి?"

"ఉన్నా అదే అడుగుతున్నారు గదా అందరూ."

సత్తెనపల్లి దాటాక బస్సు ఆగింది. డ్రైవరు దిగి, ఇంజను కేసి ఒకసారి చూసి, బీడీ వెలిగించుకుని చెట్టు నీడకు పోయాడు. బస్సు ఇక కదలదని అందరికీ అర్థమైపోయింది. ముగ్గురూ ఎండలో నిలబడి వచ్చిన ప్రతి బండికీ చెయ్యెత్తగా, చివరికి ఎండుమిరపకాయల బస్తాలతో ఒక లారీ ఆగింది. డ్రైవరు గౌస్ బాషా తల బయటపెట్టి, "హైదరాబాద్ పోతన్నానండీ, దాచేపల్లి మీదగానే. క్యాబిన్లో అమ్మగారికి, ఆ వీణకి చోటుంది. మీరిద్దరూ పైనెక్కండి. బస్తాలు మెత్తగానే ఉంటయ్" అన్నాడు.

బస్తాలు నిజంగానే మెత్తగా ఉన్నాయి. కొన్ని చిరిగి కూడా ఉన్నాయి. లక్ష్మీనరసింహం తన జరీ కండువా పరుచుకుని దానిమీద కూర్చున్నాడు. మృదంగం సంచి రెండు చిరిగిన బస్తాల మధ్య ఇరుక్కుంది. లారీ కదిలిన కాసేపటికి గాలి లేచింది.

"మాస్టారూ, కళ్లు మండుతున్నాయండీ" అన్నాడు ప్రేమదాసు.

"కళాకారుడికి కష్టాలు తప్పవు దాసూ."

"ఇది కష్టం కాదండీ, కారం."

ఫ్యాక్టరీ చేరేసరికి సభ మొదలైపోయింది. మొహం కడుక్కునే వ్యవధి కూడా ఇవ్వకుండా కార్యకర్తలు వాళ్లను వేదిక ఎక్కించేశారు. విద్వాంసులకు ఉక్క పోయకూడదని వేదికకు అటొకటి ఇటొకటి పెద్ద ఫ్యాన్లు పెట్టారు. లక్ష్మీనరసింహం శోకానికి పేరున్న ముఖారి రాగం ఎత్తుకుని, నాలుగు సంగతులు వేసి, నుదుటి చెమటను కండువాతో తుడుచుకున్నాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత తుడుచుకోవడం ఆపలేకపోయాడు. బుగ్గల మీదుగా ధార కట్టిన కన్నీళ్లు ఫిడేలు మీద పడుతున్నా కమాను ఆపలేదు. ప్రేమదాసు మృదంగం మీద మొదటి దెబ్బ వేయగానే ఎర్రటి దుమ్ము సన్నగా లేచింది. ఫ్యాన్లు దాన్ని పోనివ్వకుండా పట్టుకుని ముందు వరసల మీదికి పంపాయి.

మొదట జనరల్ మేనేజరు జేబురుమాలు తీశాడు. ఆయన పక్కన కూర్చున్న భార్య చెంగు తీసింది. అధికారులు ఏడుస్తుంటే ఊరికే కూర్చోవడం బాగుండదని వెనక వరసల వాళ్లు కూడా కళ్లు ఒత్తుకున్నారు. కచేరీ అయ్యాక మేనేజరు మైకు పట్టుకుని, "మా నాన్నగారు పోయినప్పుడు కూడా నాకింత దుఃఖం రాలేదు. సంగీతమంటే ఇది!" అని గద్గద స్వరంతో చెప్పి, రెండు తుమ్ములు తుమ్మి కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణంలో లక్ష్మీనరసింహం మొహం వెలిగిపోతోంది. "చూశావా సరస్వతీ! ముఖారి అంటే ఏమిటో ఇవాళ నాకే తెలిసింది."

"ముందు ఆ కండువా ఉతికించండి బావగారూ."

"నువ్వు కూడా ఏడ్చావుగా?"

"నా ఎదురుగా ఫ్యానుంది."

లక్ష్మీనరసింహం కండువా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన పేరును మిరపకాయకు అప్పజెప్పడానికి అతనికి మనసొప్పలేదు. పైగా ముందు వరసలో కూర్చున్న విలేకరి ఒకాయన, 'సున్నపురాళ్ల సీమలో కరిగిన గుండెలు' అని శీర్షిక పెట్టి పత్రికలో వేశాడు.

ఆ వార్త చదివి మార్టూరు వైపు నుంచి వెంకటనారాయణ అనే రైతు వచ్చాడు. "మా నాయన పోయాడండీ. అన్నదమ్ములం నలుగురం. ఒక్కడికన్నా ఏడుపు రాలా. ఊళ్లో నానా మాటలంటన్నారు. పెద్దకర్మ నాడన్నా తమరొచ్చి కాస్త ఏడిపించి పోవాలి" అన్నాడు చేతులు కట్టుకుని.

అప్పటికి లక్ష్మీనరసింహం భార్య కండువాను రెండుసార్లు ఉతికింది. మృదంగం సంచిని ప్రేమదాసు దులిపి ఎండబెట్టాడు. అందువల్ల మార్టూరు వైపు ఆ పల్లెలో ముఖారి మొదలై చాలాసేపైనా ఎవరి కళ్లూ చెమర్చలేదు. అప్పుడు ముందు కూర్చున్న ఒక పెద్దాయన పక్కాయనతో, "ఈ రాగానికి ఫ్యాక్టరీ మేనేజరే ఏడ్చాడంట" అన్నాడు. ఆ పక్కాయన, తనకు సంగీతం తెలియదనుకుంటారేమోనని పైపంచెతో కళ్లు తుడుచుకున్నాడు. అది చూసి అతని పక్కవాడు ముక్కు చీదాడు. పందిరి చివరిదాకా వెళ్లేసరికి అది శోకమైపోయింది. నలుగురు అన్నదమ్ములూ ఒకరినొకరు పట్టుకుని బావురుమన్నారు. వాళ్ల మధ్య ఉన్న పొలం గట్టు తగాదా కూడా ఆ పూటకు వాయిదా పడింది.

ఆ తర్వాత బృందానికి తీరిక లేకుండా పోయింది. చీరాల, పొన్నూరు, అద్దంకి, ఎక్కడ పెద్దకర్మ జరిగినా శారదా బృందం ఉండాల్సిందే. ప్రేమదాసు సంఘంలో పాస్టరుగారు కూడా, ఎవరైనా పోయిన ఇంట పెట్టే ఆదరణ కూడికలకు వాళ్లనే పిలిపించడం మొదలుపెట్టారు. పోయినవాళ్ల మీద ప్రేమ ఎంతుందో బృందాన్ని పిలిచారా లేదా అన్నదాన్ని బట్టి బంధువులు తేల్చేవారు.

పెళ్లిళ్లు మాత్రం ఒక్కటొక్కటే తప్పిపోయాయి. మంగళగిరిలో ఎప్పుడో ఒప్పుకున్న పెళ్లికి ఆడపెళ్లివారే వచ్చి వద్దన్నారు. "తమరు చాలా గొప్పోళ్లయిపోయారండీ. అందుకే భయం" అన్నాడు పెళ్లికూతురి తండ్రి. ఒకనాడు చెప్పు తెగి లక్ష్మీనరసింహం ఎవరి అరుగు ముందో ఆగితే, ఆ ఇంట్లో కోడలు అతన్ని చూసి, వంటింట్లో పొయ్యి మీద పాలు వదిలేసి అత్తగారి మంచం దగ్గరికి పరుగెత్తింది.

"పెళ్లిళ్లలో వినకపోయినా నవ్వు మొహాలు కనిపించేవి బావగారూ" అంది బాలసరస్వతి. "నేను బిలహరి వాయించి ఎన్నాళ్లైందో! వేళ్లు కూడా ఏడుపుకే అలవాటు పడ్డాయి. సభ ఉత్సవాల దాకా చూస్తాను. అంతే."

కొన్నాళ్లుగా లక్ష్మీనరసింహానికీ రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఎవరి ఇంట దీపం ఆరితే తమ ఇంట పొయ్యి వెలుగుతోందో అనుకుంటే కమాను బరువెక్కుతోంది.

ఆ మాటలైన వారానికే జానకిరామయ్యకు గుండెల్లో నొప్పి వచ్చింది. ముందురోజు తిన్న మిరపకాయ బజ్జీల వల్లేనని డాక్టరు తేల్చి, నాలుగు రోజులు మంచం దిగొద్దన్నాడు. ఉత్సవాల్లో ఎవరు వాయించాలో నిర్ణయించేది కూడా ఆ వారంలోనే. పొన్నూరులో ఒక పెద్దకర్మ ముగించుకుని, రిక్షాల్లో బస్టాండు నుంచి వస్తున్న లక్ష్మీనరసింహానికి అది గుర్తొచ్చింది.

"దారిలోనే గదా, ఒకసారి పలకరించి పోదాం."

"వాయిద్యాలు ఇంట్లో పెట్టి వెళ్దాం బావగారూ" అంది బాలసరస్వతి.

"పలకరించడానికి ఎంతసేపు?"

జానకిరామయ్య భార్య శ్యామలాంబ అప్పుడే భర్త నిద్రపోయాడని తలుపు దగ్గరగా వేసి, జావ గ్లాసుతో వరండాలోకి వచ్చింది. గేటు దగ్గర ఫిడేలు, వీణ, మృదంగం వరసగా నిలబడి ఉన్నాయి. గ్లాసు జారిపోయింది.

"అయ్యో! నాకంటే ముందు మీకెవరు చెప్పారు?" అని ఆవిడ గొల్లుమంది.

"అమ్మా, మేం ఊరికే..." అన్నాడు లక్ష్మీనరసింహం. ఆ ఏడుపులో ఆ మాట ఎవరికీ వినపడలేదు. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. శ్యామలాంబ ఏడుస్తోంది, గేటు దగ్గర శారదా బృందం ఉంది. ఇంక ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. కబురు మిర్చి కొట్లకు చేరింది. తూకాలు ఆగాయి. సాటి వ్యాపారులు గౌరవంగా తలుపులు మూసి, దండలు కొనుక్కుని బయలుదేరారు. సరుకు తెచ్చిన రైతులు ఏం చేయాలో తోచక వాళ్ల వెనకే వచ్చారు. చూస్తుండగానే వీధి నిండిపోయింది. లోపలికి వెళ్లి చూద్దామని మాత్రం ఒక్కరికీ తోచలేదు. బృందం వచ్చి నిలబడ్డాక వేరే రుజువు అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

సభ కార్యదర్శి రామచంద్రమూర్తి అరుగెక్కి గొంతు సవరించుకున్నాడు. "జానకిరామయ్యగారు లేని లోటు తీర్చలేనిది. అయినా సభ ఆగకూడదు. ఆ భారం నా భుజాల మీద పడుతున్నందుకు..."

"ఎవరి లోటు మూర్తీ?"

బనీను, లుంగీతో జానకిరామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వీధి వీధంతా బిగుసుకుపోయింది. రామచంద్రమూర్తి అరుగు దిగాడు.

"బతికే ఉన్నారా!" అంది శ్యామలాంబ.

"ఏం, ఇబ్బందా?" అని, దండలు పట్టుకున్న వాళ్లందరినీ ఒకసారి కలయజూసి, ఆయన చూపు బృందం మీద నిలిపాడు. "మిమ్మల్ని ఎవరు పిలిచారయ్యా?"

తొమ్మిదేళ్ల ఆశ ఆ గేటు దగ్గరే పోయిందనుకున్నాడు లక్ష్మీనరసింహం. ప్రేమదాసు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాడు. బాలసరస్వతి వాళ్లిద్దరినీ తప్పించుకుని ముందుకొచ్చింది.

"ఎవరూ పిలవలేదండీ. మీరు పిలుస్తారని చూసి చూసి మేమే వచ్చాం. మీకు నయమైందని విన్నాం."

ఆ మాట అని ఆవిడ వరండాలో చతికిలబడి, వీణ ఒడిలోకి తీసుకుని బిలహరి అందుకుంది. లక్ష్మీనరసింహం ఫిడేలు తీశాడు. మొదటి రెండు మూడు సంగతులు తడబడ్డాయి. తర్వాత వీణ మీంచి వచ్చే సంతోషం అతని చేతుల్లోకి కూడా వచ్చింది. ప్రేమదాసు కళ్లు తెరిచి మృదంగం అందుకున్నాడు. చాలాకాలానికి వాళ్లు ఎవర్నీ ఏడిపించాల్సిన అవసరం లేకుండా వాయించారు. కొట్లు మూసేశారు కాబట్టి జనానికి పోవలసిన తొందర లేదు. భోజనాలు లేవు కాబట్టి లేచిపోవలసిన పనీ లేదు. మిరపకాయలు తెచ్చిన రైతులు గోడకు చేరగిలి తాళం వేశారు.

జానకిరామయ్య ఇన్నేళ్లలో ఏ కచేరీ పూర్తిగా వినలేదు. జ్యోతి వెలిగించి, నాలుగు ముక్కలు మాట్లాడి, కొట్టుకు వెళ్లిపోయేవాడు. ఇవాళ ఎక్కడికీ వెళ్లడానికి వీల్లేక కుర్చీలో కూర్చుని విన్నాడు. తెచ్చిన దండలు ఏం చేయాలో తోచక జనం ఒక్కొక్కరే వచ్చి ఆయన మెళ్లో వేసి పోతున్నారు. ప్రేమదాసు మృదంగం మీద చివరి తీర్మానం వాయించి ముగించేసరికి ఆ పూలలోంచి ఆయన కళ్లు మాత్రమే కనిపించాయి.

"ఇన్నాళ్లూ మీరు వాయించేది ఇదేనటయ్యా?" అన్నాడు మెల్లగా. తర్వాత కార్యదర్శి వైపు తిరిగి, "మూర్తీ! ఉత్సవాల్లో మొదటి రోజు వీళ్లది" అన్నాడు.

"మొదటి రోజు మద్రాసు విద్వాంసుడికి మాటిచ్చామండీ."

"ఆయన రెండో రోజు వాయిస్తాడు. నేను లేనప్పుడు నీ ఇష్టం. ఇప్పటికి ఉన్నాను."

బాలసరస్వతి వీణకు గవుసెన తొడుగుతూ, "రేపట్నుంచి సాధన ఆరింటికి బావగారూ, ఆలస్యం చెయ్యకండి" అంది. లక్ష్మీనరసింహం తల ఊపాడు. మాట్లాడితే ఎక్కడ ఏడుపు వస్తుందోనని భయపడ్డాడు.

ఒక పూట కొట్లు మూతపడటంతో సరుకు అందక, మర్నాడు మిర్చి ధర ఒక్కసారిగా ఎగబాకింది. అంతకుముందు అమ్ముడుపోక మూలుగుతున్న జానకిరామయ్య సరుకంతా ఆ ఉదయమే వెళ్లిపోయింది. సాయంత్రం వ్యాపారులు సమావేశమై, శాస్త్రీయ సంగీతాన్ని పోషించడం తమ బాధ్యత అని ఏకగ్రీవంగా తీర్మానించారు. తర్వాతి వారం ధర కాస్త తగ్గగానే వాళ్లలో ఇంకొకాయన నీరసంగా ఉందని మంచమెక్కి, వాయిద్యాలతో సహా వచ్చి పలకరించి పొమ్మని బృందానికి కబురు పెట్టాడు.