పురిటిగదికి ఎర్ర రిబ్బను

ఆసుపత్రి శుభ్రంగా ఉండాలంటే ఒకటే మార్గం: అందులోకి రోగిని రానివ్వకూడదు!

నవ్వకండి. మా కొండవూరికి కొత్తగా కట్టిన ప్రసూతి కేంద్రాన్ని కిటికీలోంచి ఒక్కసారి చూడండి. మంచానికి ప్లాస్టిక్ కవరు ఊడలేదు. నేల మీద మరక లేదు. సూక్ష్మక్రిములు కూడా పాపం, తిండి దొరక్క వలసపోయి ఉంటాయి. ఇదంతా గుమ్మానికి అడ్డంగా కట్టిన ఎర్ర రిబ్బను చలవ. ప్రారంభోత్సవానికి మంత్రిగారు, అదే మా పెద్దాయన, వచ్చి కత్తిరించేదాకా లోపల ఎవరూ అడుగు పెట్టకూడదు. ఆయనకేమో తీరిక లేదు.

ఇంతకన్నా మంచి వైద్యం ఉంటుందా? ఆ గదిలో ఇంతవరకూ ఒక్క తల్లి ప్రాణానికీ ముప్పు రాలేదు! నొప్పులతో పట్నం ఆసుపత్రికని బయల్దేరిన మా టైలరుగారి కోడలు దారిలో ఏరు దాటలేక ఒడ్డునే కన్నుమూసిందంటే, అది ఏటి లెక్కలోకి పోయింది. మా కేంద్రం రికార్డు పదిలం.

ఇలా నేను నలుగురికీ నచ్చజెబుతుండగానే మా అమ్మాయికి నొప్పులొచ్చాయి. ఏరు చూస్తే పొంగి ఉంది. నర్సమ్మ తాళం తీసింది కానీ, బిల్డింగు సూపర్‌వైజరు రిబ్బను ముందు చేతులు చాచి నిలబడ్డాడు.

"తెంచితే నా ఉద్యోగం ఊడుతుందమ్మా! రెండ్రోజులు ఓపిక పట్టలేరా?"

"మేం పడతాం నాయనా, లోపలున్న బిడ్డ పట్టొద్దూ?" అంది మా ఆవిడ.

"పోనీ, కిందనుంచి దూరి వెళ్లండి. రిబ్బను కదపకండి."

నిండు నెలల మనిషి వంగి దూరాలట! సలహా నాకు సబబుగానే తోచింది. మా అమ్మాయికే తోచలేదు. నర్సమ్మ జేబులోంచి కత్తెర లాక్కుని, పళ్లు బిగించి, తనే రిబ్బను కసుక్కున కత్తిరించేసింది. ఫొటో లేదు, ఉపన్యాసం లేదు. ప్రారంభోత్సవం ఇలాగేనా చేసేది?

మధ్యాహ్నానికి మనవరాలు పుట్టింది. తల్లికి రక్తం ఆగలేదట. సూదిమందూ సెలైనూ చేతికందేలా ఉండబట్టి దక్కింది. అదే ఏటి ఒడ్డున అయితే... క్షమించండి, అసలు విషయానికొస్తాను.

సూపర్‌వైజరు ఊరుకున్నాడా? సాయంత్రానికల్లా కొత్త రిబ్బను కట్టేశాడు! బాలింత లోపల, మేం బయట. అన్నం క్యారియరు పట్టుకుని రోజూ దాని కిందనుంచే దూరుతున్నాం. నా నడుం పట్టేసింది. ఏం, వ్యాయామం మంచిదే కదా!

కాబట్టి పెద్దాయనా, తమరు తీరిక చేసుకునే రండి. పళ్లెంలో కత్తెర పెట్టిస్తాం, మైకు కూడా పెట్టిస్తాం. చప్పట్లు మాత్రం మెల్లగా కొట్టించండి. ప్రారంభోత్సవం చేసినావిడ లోపల నిద్రపోతోంది.