దయచేసి గేటు విరగ్గొట్టండి

ఆ సోమవారం ఉదయం సుంకం గేటు ఓబద్యా పెట్టుకున్న పని ఒక్కటే: ఇంటి పక్క మడిలో బంగాళాదుంపలు తవ్వుకోవడం. గేటు దగ్గర ఆయనకు పెద్దగా పనుండదు. పొలాలకు సున్నం తోలే బండ్లు వస్తే అటు తిరిగి పైపు వెలిగించుకుంటాడు. బండ్లు సుంకం కట్టకుండా దాటిపోయాక ఇటు తిరుగుతాడు.

పార చేతికి తీసుకునేసరికి గేట్లు నడిపే రోడ్ల ట్రస్టు నుంచి ఉత్తరం వచ్చింది. రాసినవాడు ప్రైస్ దొర. "ఈ వేసవిలో చుట్టుపక్కల పన్నెండు మైళ్లలో ప్రతి గేటునూ రెబెక్కా దండు నరికేసింది. నీ గేటు మీద గీత కూడా పడలేదు. నువ్వు వాళ్ల మనిషివని మా అనుమానం. గురువారం పది గంటలకు వచ్చి చూస్తాను. అనుమానం నిజమైతే ఉద్యోగం పోతుంది, ఇల్లు ఖాళీ చేయాలి."

రెబెక్కా అనే మనిషి ఎక్కడా లేదు. సుంకాలు కట్టలేక విసిగిన రైతులే పెళ్లాల గౌన్లు తొడుక్కుని, మొహాలకు మసి పూసుకుని, గొడ్డళ్లతో బయలుదేరతారు. అందరి పేరూ రెబెక్కాయే. రోడ్డు బాగు చేస్తామని చెప్పి తాతల కాలంలో ఒక గేటు పెట్టారు. తాతలు పోయారు, రోడ్డులో గుంటలు మిగిలాయి, గేటు మాత్రం పిల్లల్ని పెట్టింది. రైతులకు ఒళ్లు మండిందంటే మండదూ మరి!

ఉత్తరం విని ఓబద్యా భార్య లౌరీ మొహం ముడుచుకుంది. "మా అక్క మొగుడి గేటు ఇప్పటికి రెండుసార్లు విరిగింది. మనదాన్ని ఒక్కడూ కన్నెత్తి చూడడు. మనమంటే అంత లోకువా?"

"పరువు సంగతి తర్వాత చూద్దువుగానీ, కొంప పోయేలా ఉందే!"

"అయితే పోయి మా తమ్ముణ్ణి అడుగు. నా పాత గౌను వాడింట్లో ఎందుకుందో నాకు తెలీదనుకున్నావా?"

బావమరిది షద్రకు పందులకు కుడితి పోస్తున్నాడు. అంతా విని తల అడ్డంగా ఊపాడు. "కుదరదు బావా. మాకో పద్ధతుంది. ఎవరో ఒకరు ఫిర్యాదు చెయ్యాలి, అందరూ చేతులెత్తాలి. నీ మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ లేదు."

"నేను చేస్తాగా!"

"గేటు వాడే గేటు మీద ఫిర్యాదు చేస్తే జనం నవ్విపోరూ? ముందు ఎవరి ఉసురైనా పోసుకో. ఆ తర్వాత చూద్దాం."

మంగళవారం పొద్దున్నే ఓబద్యా ఉసురు పోసుకోవడం మొదలుపెట్టాడు. ప్రతి బండినీ ఆపి, గొంతు చించుకుని, రెట్టింపు సుంకం అడిగాడు. పాల హన్నమ్మ చిల్లర చేతిలో పెట్టి, "పైవాళ్లు నిన్నెంత నలిపేస్తున్నారో నాయనా!" అని కళ్లు తుడుచుకుని, వెన్నముద్ద కూడా ఇచ్చి పోయింది. సుంకం కట్టక్కర్లేని పాస్టరుగారిని అడ్డగిస్తే, ఆయన గుర్రం దిగి ఓబద్యా మనశ్శాంతి కోసం అక్కడే ఇరవై నిమిషాలు ప్రార్థన చేశాడు. బుధవారం సాయంత్రానికి ఇంట్లో వెన్న, గుడ్లు, సగం పంది తొడ పోగయ్యాయి. ఫిర్యాదు మాత్రం ఒక్కటీ రాలేదు.

ఇక లాభం లేదని గురువారం తెల్లవారగానే ఓబద్యా మొహానికి మసి పూసుకుని, భార్య గౌను తొడుక్కుని, గొడ్డలి పట్టుకున్నాడు. "చేతులు మరీ పైకెత్తకు, చంకల్లో కుట్లు పోతాయి" అని లౌరీ హెచ్చరించింది. నాలుగో దెబ్బకు గేటు నేలకొరిగింది.

సరిగ్గా అప్పుడే హన్నమ్మ పాలబిందెతో వచ్చింది. "ఓసి రెబెక్కా! నీకు కళ్లు పోయాయా? ఇది మా ఓబద్యా గేటే!" అని బిందెతో వీపు మీద ఒక్కటిచ్చింది. ఓబద్యా గౌను ఎత్తిపట్టుకుని ఇంటి వెనక్కి పరిగెత్తాడు. ఆవిడ చర్చికి పరిగెత్తి గంట కొట్టింది.

మసి కడుక్కుని బయటికి వచ్చేసరికి ఎదురుగా నలభై మంది రైతులు నిలబడి ఉన్నారు. పరాయి ఊరి రెబెక్కా ఎవత్తో వచ్చి తమ ఓబద్యా కడుపు కొట్టిందని ఊగిపోతున్నారు. ఒక్కొక్కరి భుజం మీదా ఒక్కో దూలం. ఇన్నాళ్లూ విరగ్గొట్టిన గేట్ల చెక్క అందరిళ్లలోనూ ఉంది కదా, కరువేముంది!

"వద్దర్రా! మీకు దణ్ణం పెడతాను, అలాగే వదిలెయ్యండి! విరిగితేనే బాగుంది!" అని ఓబద్యా మొత్తుకున్నాడు.

"పాపం, బాధలో ఏదేదో అంటున్నాడు. కాసిన్ని మజ్జిగ పట్టండర్రా" అని షద్రకు ఆయన్ని బల్ల మీద కూలేశాడు.

తొమ్మిదిన్నరకు కొత్త గేటు లేచింది. పాతదాని కన్నా రెండడుగులు ఎత్తు, పైన తెల్లసున్నం కూడా వేశారు. పది గంటలకు ప్రైస్ దొర గుర్రం వచ్చి ఆగింది.

"నేననుకున్నదే నిజం! నలభై మంది కాపలా కాస్తున్నారు నీ గేటుకి. ఇంకేం రుజువు కావాలయ్యా?"

షద్రకు ముందుకు దూకాడు. "కాపలా ఏంటి దొరా! సుంకం కడితేగానీ కదలనివ్వనంటే, తెల్లారగట్ల నుంచి పడిగాపులు పడి ఉన్నాం. వీడి పీడ ఎప్పుడు విరగడవుతుందా అని ఏడవని రోజు లేదండీ!"

"మరి వీడి గేటు విరగ్గొట్టలేదేం?"

"భయమండీ. వీడు నిద్రపోడు. కరుస్తాడు కూడా."

తక్కినవాళ్లకూ ఉత్సాహం వచ్చింది. తిట్లు లంకించుకున్నారు. "మా ఆయన్ని పాతిపెట్టడానికి తీసుకెళ్తుంటే శవపెట్టె దింపించి మరీ సుంకం వసూలు చేశాడు బాబూ!" అని హన్నమ్మ గుండెలు బాదుకుంది. పక్కనే ఉన్న ఆమె మొగుడు టోపీ తీసి, బాధగా తలవంచుకున్నాడు.

ప్రైస్ దొర కళ్లు మెరిశాయి. గుర్రం దిగి ఓబద్యా చెయ్యి పట్టుకున్నాడు. "ఇలాంటి మనిషిని ఈ మూల పడేశామా! టౌను వంతెన గేటు దగ్గర ఈ ఏడు గేటువాళ్లు ముగ్గురు పారిపోయారు. దానికి నీలాంటివాడే కావాలి. సోమవారం పెళ్లాంతో సహా అక్కడికి మారిపో."

దొర వెళ్లగానే షద్రకు బావను కావలించుకున్నాడు. "చూశావా బావా, నీ ఉద్యోగం ఎలా నిలబెట్టామో!"

"ఆ వంతెన గేటు సంగతేమైనా తెలుసా నీకు?"

"తెలియకేం, ప్రతి శుక్రవారం మేమే కదా విరగ్గొట్టేది."

"నేనున్నా సరే విరగ్గొడతారా?"

"భలేవాడివి బావా, ఉద్యమమన్నాక చుట్టరికాలు చూస్తారా?"

ఆదివారం సామాను సర్దుతూ లౌరీ పింగాణీ పళ్లాలూ, గోడ గడియారమూ, అద్దమూ తమ్ముడింట్లో దాచిపెట్టింది.