స్టెప్నీ ఒకటి, జాకీ ఒకటి, డ్రైవర్ ఒకటి

"సామాన్యుడికి సరిహద్దు ఒక గీత మాత్రమే! దాన్ని దాటడం ఎంత సులువో నేను స్వయంగా, ఒంటరిగా, నా కారు నేనే నడుపుకుంటూ వెళ్ళి నిరూపిస్తాను. పొద్దున బయల్దేరి, పొరుగు దేశంలో భోంచేసి, సాయంత్రంలోగా తిరిగొస్తాను!"

సరిహద్దు వ్యవహారాల మంత్రిగారు ఈ ప్రకటన చేసినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. పదకొండేళ్ళుగా ఆయన కారు డ్రైవర్ని నేనే. ఆయన ఒంటరిగా వెళితే నాకొక రోజు సెలవు.

కాసేపటికే పీయే ఫోన్ చేశాడు.

"రేపు ఐదింటికల్లా వచ్చెయ్. సార్ ఒంటరి ప్రయాణం."

"మరి నేనెందుకండీ?"

"సార్‌కి డ్రైవింగ్ రాదు కదయ్యా!"

బొత్తిగా రాదనడం అన్యాయం. స్టీరింగ్ తిప్పగలరు. బ్రేకు తొక్కగలరు. హారన్ అయితే అద్భుతంగా కొడతారు. ఈ ప్రతిభను దృష్టిలో పెట్టుకుని పీయే దారిలోని స్వాగత సభలన్నీ పల్లంలోనే పెట్టించాడు. ప్రతి ఊరికి ముందు మిట్ట మీద నేను కారాపి, న్యూట్రల్లో పెట్టి, వెనక సీటు దగ్గర కింద దుప్పటి కప్పుకుని పడుకునేవాణ్ణి. మంత్రిగారు ముందుకు మారి బ్రేకు వదిలేవారు. కారు హుందాగా జారుకుంటూ జనం మధ్యకెళ్ళి ఆగేది. ఫొటోలు, ఉపన్యాసం. జనం భోజనాల మీద పడ్డాక నేను లేచి స్టీరింగ్ అందుకునేవాణ్ణి.

"నడపడం ఇంత తేలికా! నువ్వేదో పెద్ద కష్టపడుతున్నావనుకున్నానోయ్ ఇన్నాళ్ళూ," అన్నారు మూడో ఊరు దాటాక. నేను సిగ్గుపడ్డాను.

మా దేశం చెక్‌పోస్టు ఒక గుట్ట మీద ఉంది. విలేకరులను గుట్ట కిందే ఆపేశారు కాబట్టి పైదాకా నేనే నడిపి, బారియర్ కనబడగానే మంత్రిగారిని ముందు కూర్చోబెట్టి దుప్పట్లో దూరాను. కళ్ళజోడు ఆఫీసర్ పర్మిట్ చూశాడు. ఒక్కరు అని ఉంది. కారులోకి తొంగి చూశాడు. దుప్పటి లాగాడు.

"సార్, ఇదేంటి?"

మంత్రిగారు తడుముకోలేదు. "కారుతోపాటు వచ్చిందయ్యా."

ఆఫీసర్ రూల్స్ పుస్తకం తిరగేశాడు. "మనిషైతే పర్మిట్ కావాలి సార్. కారు తాలూకు సామానైతే అక్కర్లేదు."

"సామానే."

"పని చేస్తుందా?"

"చక్కగా."

స్టెప్నీ ఒకటి, జాకీ ఒకటి, డ్రైవర్ ఒకటి అని రాసుకుని బారియర్ ఎత్తాడు. మొత్తం నాలుగు నిమిషాలు.

నా సొంత చెల్లెలు అవతలి దేశంలో కాపురం పెట్టి ఏడేళ్ళయింది. దాన్ని చూసి రావడానికి పర్మిట్ కోసం నాలుగుసార్లు దరఖాస్తు పెట్టుకున్నాను. మొదటిసారి ఫొటోలో చెవులు కనబడలేదన్నారు. రెండోసారి చెవులు కనబడ్డాయి కానీ నవ్వుతున్నానన్నారు. మూడోసారి నవ్వలేదు. మొహం దిగులుగా ఉంది, వెళ్ళినవాడు తిరిగి రాడేమోనన్నారు. నాలుగోది మంత్రిగారి బల్ల మీద రెండేళ్ళుగా ఉంది. ఇప్పుడు నాలుగు నిమిషాలు! మంత్రిగారు చెప్పింది అక్షరాలా నిజమని దుప్పటి కింద ఒప్పుకున్నాను. ఎందుకో కళ్ళు తడిశాయి.

అవతలి దేశంలో మొదటి ఊళ్ళోనే గెస్ట్‌హౌసులో ఆయనకి విందు. ఆయన లోపలికెళ్ళగానే, అదే ఊళ్ళో ఉంటున్న చెల్లికి ఫోన్ చేశాను. కూతురి చెయ్యి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"అన్నయ్యా! పర్మిట్ ఇచ్చారా?"

"లేదమ్మా. సామాను కింద వచ్చాను."

అది నన్ను ఎగాదిగా చూసింది. నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేకపోయింది. "జుట్టంతా నెరిసిపోయిందేంటి? దిగు. ఇల్లు పక్క వీధే. రెండు ముద్దలు తిని వెళుదువుగాని."

"దిగకూడదే. కారుతోనే ఉండాలని రాశారు."

వెనక డోర్ తీసుకుని చెల్లి తనే ఎక్కి కూర్చుంది. నేనెప్పుడూ చూడని మేనకోడలు ముందు సీటెక్కి హారన్ నొక్కింది.

"మావయ్యా, ఈ కారు నీదా?"

"కాదు తల్లీ. నేనే ఈ కారుది."

అరగంట మాట్లాడుకున్నాం. మంత్రిగారు పళ్ళు కుట్టుకుంటూ బయటికి రాగానే చెల్లి దిగింది. కారు కదిలినా అద్దం మీద చెయ్యి తియ్యలేదు. నాలుగడుగులు పక్కనే నడిచింది.

మధ్యాహ్నం మూడింటికి తిరిగి చెక్‌పోస్టు చేరాం. గుట్ట కింద కెమెరాలు బారులు తీరి ఉన్నాయి.

"నువ్విక్కడ దిగిపో. ఆ కెమెరాలు దుప్పట్లో చీమనైనా పట్టేస్తాయి. ఇక్కణ్ణించి ఎలాగూ పల్లమేగా! వెనకాల నడిచొచ్చెయ్," అన్నారు మంత్రిగారు.

దిగాను. బారియర్ లేచింది. కారు జారింది. బారియర్ దిగింది. నేను పొరుగు దేశం వైపే ఉండిపోయాను.

"సార్, నేను ఆ కారు సామాన్ని," అన్నాను ఆఫీసర్‌తో.

"అయ్యో, దారిలో పోయిందని రాసేశానే! కారు లేకుండా సామాను ఒక్కటే లోపలికి రావడానికి రూల్ లేదు."

"పోనీ, మనిషిగా రావచ్చా?"

"దానికి మంత్రిగారి సంతకం కావాలి."

కింద మైకు మోగింది. "వెళ్ళింది ఒక్కణ్ణే! వచ్చింది ఒక్కణ్ణే! ఎవరైనా ఆపారా?" చప్పట్లు.

ఒక విలేకరి ఉత్సాహంగా అరిచింది. "రాజధానిదాకా మీ వెనకే వస్తూ లైవ్ ఇస్తాం సార్! పోనివ్వండి!"

మంత్రిగారు కారెక్కి డోర్ వేసుకున్నారు. హారన్ కొట్టారు. చెయ్యి ఊపారు. జనం కూడా ఊపారు. మళ్ళీ ఊపారు. నేను గుట్ట మీద నిలబడి గంటన్నర చూశాను. కెమెరాలు కదల్లేదు. కారూ కదల్లేదు.

వెనక్కి తిరిగి చెల్లెలింటికి నడిచాను. అవతలి కాపలావాళ్ళు ఆపలేదు. పోయిన సామాను గురించి వాళ్ళకింకా సమాచారం అందలేదు.

మూడో రోజు పొద్దున చెల్లి ఇచ్చిన పేపర్లో మంత్రిగారి ఫొటో ఉంది. స్టీరింగ్ మీద ఒక చెయ్యి, గాల్లో ఒక చెయ్యి. కింద వార్త: "ప్రజలకు మరింత చేరువ కావాలన్న సదుద్దేశంతో మంత్రిగారు తమ క్యాంపు ఆఫీసును సరిహద్దుకు మార్చారు. ప్రస్తుతానికి కారులోంచే ఫైళ్ళు చూస్తున్నారు."