పదకొండు పంక్తుల నోటీసు

ఆ గురువారం ఉదయం గోవిందరావు చేయాల్సిన పనులు మూడే. తలకు రంగేసుకోవడం, స్నానం చేయడం, పదకొండింటికల్లా హాలుకు వెళ్ళి 'ఉత్తమ లేఖకుడు' బహుమతి అందుకోవడం. బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో ముప్ఫై ఏళ్ళుగా ఇంగ్లీషు కాగితాలు రాస్తున్న మనిషికి ఇది మొదటి బహుమతి. దాని మీద ఆయనకు చచ్చేంత ఆశ.

రంగు పూసుకుని అరగంట ఆగి కుళాయి తిప్పాడు. అది ఒకసారి గుర్రుమని ఊరుకుంది.

"ఏమే, నీళ్ళేవి?"

"శనివారం కదేటి ఆపుతారన్నారు మీరు?" అంది భార్య నూకరత్నం వంటింట్లోంచి.

నిజమే. ట్యాంకు కడగడానికి నీళ్ళు ఆపుతారని కాలనీకి నోటీసు రాసింది ఆయనే. పదకొండు పంక్తులు, అన్నీ కలిపి ఒకే వాక్యం. అందులో 'హియరిన్‌ఆఫ్టర్' మూడుసార్లు ఉంది గానీ తేదీ ఒక్కసారీ లేదు. నోటీసు జారీ అయిన దినమునకు మరుసటి దినమున అని ఇంగ్లీషులో హుందాగా రాశాడు. సాహెబు సంతకానికి రెండ్రోజులు పడుతుందిలెమ్మని శనివారం లెక్కేసుకున్నాడు. సెలవు మీద వెళ్ళే హడావుడిలో సాహెబు బుధవారమే సంతకం గీకేశాడు. ఆ సమయానికి గోవిందరావు సర్కండా బజారులో కొత్త చొక్కా బేరమాడుతున్నాడు.

నెత్తి మంట మొదలైంది. తువ్వాలు చుట్టుకుని పక్క క్వార్టరుకు పరుగెత్తాడు. అక్కడ రైలు డ్రైవరు బంగార్రాజు వరండాలో ట్రంకు పెట్టెలకు తాళ్ళు బిగిస్తున్నాడు.

"బాబ్బాబు, ఒక్క బకెట్ నీళ్ళియ్యి. తల మండిపోతంది!"

"నీళ్ళేటండీ, నిలవనీడే పోతంటే! క్వార్టర్లు ఖాళీ చెయ్యమని నోటీసొచ్చింది కదా!"

"ఎవడన్నాడు?"

"బోర్డు మీద చూసినాం కదండీ. చిన్న కాగితమైతే నీళ్ళో, కరెంటో. అంత పొడుగు ఇంగ్లీషు కాగితం ఖాళీ చెయ్యమనడానికి తప్ప ఎందుకొస్తాది? మా నాన్న నాటి నించీ చూస్తన్నాం."

ఆ కాలనీలో కాగితాన్ని చదవరు, కొలుస్తారు. వరసంతా మూటలు కట్టుకుంది గానీ ఒక్కరూ బిందె నింపలేదు. నిండుగా ఉన్న డ్రమ్ములు కూడా, లారీ ఎక్కించడం సులువని బోర్లించేశారు. గోవిందరావు నాలుగిళ్ళు తిరిగాడు. చెంబెడు నీళ్ళు దొరకలేదు సరికదా, జనం వెంటపడ్డారు.

"రాసింది మీరేనట కదా, సదివి చెప్పండి!"

చదివాడు. ఆరో పంక్తికి బుజ్జమ్మ అనే ముసలావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు లంకించుకుంది. నూకరత్నం విసవిసా వచ్చి, "ఈవేళ నీళ్ళు రావు. అంతే!" అంది.

"అంతేనా? ఆ ముక్క రాయడానికేటి రోగం?" అంది బుజ్జమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

ఇంట్లో తాగడానికి మిగిలిన కూజాడు నీళ్ళు తలకు సగమే సరిపోయాయి. మిగతా సగం తువ్వాలుతో తుడిచి, టోపీ పెట్టుకుని గోవిందరావు హాలు దగ్గరకు ఉరికాడు. తలుపుకు తాళం. తాళం పక్కన బారెడు ఇంగ్లీషు కాగితం. రెండుసార్లు చదివాడు. సభ రద్దయిందో, చోటు మారిందో, బహుమతే పోయిందో అంతుపట్టలేదు.

"హాల్లో కూడా నీళ్ళు లేవు బాబూ. పంక్షను రేపు," అన్నాడు చప్రాసీ అప్పలకొండ.

"బహుమతి నాకేనా?"

"మీకే."

ప్రాణం లేచొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. "ఆ మాటే రాసి చావొచ్చు కదా! ఎవడు రాశాడీ దరిద్రపు కాగితం?"

"కొత్త గుమస్తా బాబూ. మీ పాత కాగితాలు ముందేసుకుని, చూసి చూసి రాసినాడు."

మర్నాడు వేదిక మీద రెండు ముక్కలు మాట్లాడమంటే, గోవిందరావు సరిగ్గా రెండు ముక్కలే మాట్లాడాడు.