నవ్వించని కొంగ డాక్టర్

ఆదివారం పొద్దున నందకిశోర్ పెట్టుకున్న పని ఒక్కటే. పదకొండు గంటలలోపు నవ్వడం నేర్చుకోవాలి.

పదకొండింటికి సంతోష్‌నగర్‌లో, కాబోయే మామ కైలాసం ఇంట్లో, ‘కొంగ డాక్టర్’ ఆరో సీజన్ మొదటి భాగం చూడటానికి రెండు కుటుంబాలూ కూర్చోబోతున్నాయి. అదొక జపాన్ కార్టూన్ సీరియల్. అందులో ఒక కొంగ ఆసుపత్రి నడుపుతుంది. సూది చూస్తే మూర్ఛపోతుంది. కథ అంతే. కాలేజీ రోజుల్లో నందకిశోర్ దాన్ని చూసి మంచం మీద నుంచి పడిపోయేలా నవ్వేవాడు. పెళ్ళిచూపులనాడు కైలాసం కూతురు పూజితతో మాట్లాడుకోమని మేడ మీదికి పంపితే, ఇద్దరూ ఉద్యోగాల సంగతి వదిలేసి కొంగ సంగతే మాట్లాడుకుని, పొట్టలు పట్టుకుని కిందికి దిగారు. ఆ నవ్వు చూసే పెద్దవాళ్ళు మాట ఖాయం చేసుకున్నారు. నిశ్చితార్థపు పూలుపండ్లనాడు అమ్మాయికి లాడ్ బజార్‌లో ప్రత్యేకంగా చేయించిన లక్క గాజులు పెట్టారు. గాజు గాజుకూ ఒక కొంగ.

ఇప్పుడు చిక్కేమిటంటే, కొంగ మూర్ఛపోతే నందకిశోర్‌కు ఆవులింత వస్తోంది. పూజితకు చెబుదామంటే భయం. తనలో ఏం చూసి ఒప్పుకుందో అతనికి బాగా తెలుసు. ఎత్తు కాదు, ఉద్యోగం కాదు. కొంగ. ఆ కొంగ ఎగిరిపోతే మిగిలేది నయాపూల్‌లో ఓ వకీలు దగ్గర ఫైళ్ళు మోసే బక్కపలుచని మనిషి. ఆ మనిషిని ఏ అమ్మాయి చేసుకుంటుంది? అతనికేమో పూజిత తప్ప వేరే అమ్మాయి వద్దు.

అందుకే బాత్‌రూమ్ అద్దం ముందు నిలబడి “హహ్హహ్హా” అన్నాడు. ఎవరో గొంతు పిసుకుతున్నట్టు వినిపించింది. ఇంకోసారి ప్రయత్నించబోతుంటే బయట స్కూటర్ ఆగింది.

వచ్చింది తండ్రి రామ్‌చందర్. పాల వ్యాపారం ఆయనది. పొద్దున్నే లాడ్ బజార్‌లో పాలు పోయడానికి వెళ్తే, గాజుల గౌస్ భాయ్ కాబోయే కోడలి గాజుల డబ్బా చేతిలో పెట్టి, “రామ్‌చందర్ భాయ్, మీ బహూ నిన్న ఈ చూడియా వాపస్ ఇచ్చిపోయింది” అన్నాడు. ఆ తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు. కానీ పాలవాడితో ఎవరైనా చెప్పే రెండో మాట, పాలు పలచగా ఉన్నాయనే. రామ్‌చందర్ రెండో మాట వినడం మానేసి చాలా ఏళ్ళయింది.

డబ్బా తెరవగానే ఆయన తల్లి సుశీలమ్మ నేల మీద కూలబడింది.

“పెట్టిన గాజులు వాపస్ వచ్చినయంటే పిల్ల వాపస్ పోయినట్టేరా! మన ఇండ్లల్ల గిట్ల ఎన్నడన్న జరిగిందా?”

“నేనేం జేసిన అవ్వా? నీ మనుమన్ని అడుగు!”

నందకిశోర్ పూజితకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది. ‘వచ్చినంక మీతోని ఒక ముచ్చట మాట్లాడాలె.’ మొన్న ఫోన్‌లో ఆరో సీజన్ అనగానే తను “ఆఁ” అనడానికి కొంచెం ఆలస్యమైంది. ఆ ఆలస్యంలోనే కనిపెట్టేసింది!

“తప్పు నాదే బాపు. నాకు కొంగ డాక్టర్ బోర్ కొట్టిండు. ఆమెకు ఎరుకైపోయింది.”

రామ్‌చందర్ నోరు తెరిచాడు. “కొంగ కోసం సంబంధం పోతదారా?”

“కొంగతోనే కుదిరింది గద బాపు!”

సుశీలమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. “ఏడ్వకు బిడ్డా. మీ తాత నా కాకరకాయ పులుసు మస్తుగుందని జిందగీ మొత్తం తిన్నడు. పాణం పోయే ముంగట చెప్పిండు, దానంత దరిద్రం ఇంకోటి లేదని. గాయిన గంత తిన్నడు, నువ్వు గంట సేపు నవ్వలేవా? నడువుండ్రి. అందరం నవ్వుదాం. నవ్వినంక గాజులు మల్ల పెడదాం.”

ముగ్గురూ ఆటో ఎక్కారు. దారిపొడుగునా సుశీలమ్మ కొడుక్కి తర్ఫీదు ఇచ్చింది. “నేను మోచేత్తోని పొడుస్త. పొడవంగనే నవ్వు.”

పాపం, కైలాసానికి గాజుల సంగతే తెలియదు. ఎదురొచ్చి, కూర్చోబెట్టి, మిర్చి బజ్జీలు పెట్టి టీవీ వేశాడు. కొంగ తెర మీదికి వచ్చింది. ఇంకా సూది కూడా తీయలేదు, నందకిశోర్ పగలబడి నవ్వాడు. సుశీలమ్మ మోచేయి కదిలింది. రామ్‌చందర్ “హా!” అని గర్జించి కైలాసం తొడ మీద చరిచాడు. మగపెళ్ళివారు ఇంత నవ్వుతుంటే ఆడపెళ్ళివారు ఊరకే కూర్చోవడం మర్యాద కాదు కదా! కైలాసం అంతకన్నా గట్టిగా నవ్వాడు. పక్కింటివాళ్ళు కిటికీలోంచి తొంగిచూశారు.

పూజిత ఒక్కతే నవ్వలేదు. ఆమె ముఖం నిమిష నిమిషానికీ పాలిపోతోంది.

చాలట్లేదని నందకిశోర్‌కు అర్థమైంది. ఇంకో మెట్టు ఎక్కాడు. “మామా, శుభలేఖ మీద కొంగ బొమ్మ ఏపిస్త! బారాత్‌ల నేను కొంగ ముక్కు కట్టుకుని వస్త!”

“ఏపిద్దాం అల్లుడా! మండపానికి రెండు దిక్కుల రెండు కొంగలు నిలబెడదాం!” అన్నాడు కైలాసం, వెనక్కి తగ్గకుండా.

పూజిత చటుక్కున లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయింది. నందకిశోర్ గాజుల డబ్బా పట్టుకుని వెనకాలే పరుగెత్తాడు.

“నాతోని కాదు,” అంది ఆమె తిరిగి చూడకుండా. “మాఫ్ చేయుండ్రి. ఈ పెండ్లి నాతోని కాదు.”

“ఇంక ఎక్కువ నవ్వుత పూజితా. ఇయ్యాల జర తబియత్ బాలేదు గానీ...”

“ఇంక ఎక్కువనా!” ఆమె గిర్రున తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు. “ఐదో సీజన్ సగంలనే నేను చూసుడు బంద్ చేసిన. మీకు చెప్దామంటే భయమైంది. ఇయ్యాల వచ్చినంక చిన్నగ చెప్దామనుకుంటే, మీరేమో ఖాన్‌దాన్ మొత్తాన్ని నవ్విస్తున్నరు! సచ్చేదాంక గా కొంగను చూసుకుంట ఎట్ల బతకాలె నేను?”

నందకిశోర్ గోడకు ఆనుకున్నాడు. “నాకు నాలుగో సీజన్ల కెల్లే ఆవులింతలు.”

“అబద్ధం.”

“మా బాపమ్మ తోడు.”

“మరి ఇప్పుడు నవ్విందేంది?”

“నువ్వు గాజులు వాపస్ చేసినవని!” డబ్బా చూపించాడు.

పూజిత నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. “అయ్యో రామ! వాపస్ ఏంది? ఆఫీసుల అందరు కొంగలేంది, కొంగలేంది అని ప్రాణం తీస్తున్నరని, పీకి రాళ్ళు పెట్టమని ఇచ్చిన. గౌస్ భాయ్ చెప్పలేదా? పీకితే పగులుతయని, అట్లనే వాపస్ పంపుతనని రాత్రి నాకు ఫోన్ చేసి చెప్పిండు గద!”

“బాపుకు చెప్పే ఉంటడు,” అన్నాడు నందకిశోర్ నీరసంగా. “రెండో ముచ్చటల.”

మొదట ఆమెకు నవ్వు వచ్చింది. తర్వాత అతనికి. ఈసారి మోచేతులు ఎవరివీ అక్కరలేకపోయాయి. గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. ఇక దాచేదేముంది? వెళ్ళి టీవీ కట్టేద్దామని లోపలికి నడిచారు.

లోపల సుశీలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ సోఫా మీద ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. రామ్‌చందర్‌కు ఊపిరాడటం లేదు. ఎవరూ ఎవరినీ పొడవడం లేదు.

“బాపమ్మా, ఇగ నవ్వకున్నా నడుస్తది. ముచ్చట సాఫ్ అయింది.”

“నీ ముచ్చట మన్నువడ! జరుగురా, కనవడ్తలేదు! గా కొంగకు ఇప్పుడే మూర్ఛల కెల్లి హోష్ వచ్చింది!”

“అల్లుడా, కూసుంటే కూసో, లేకుంటే పో!” కైలాసం తెర మీంచి చూపు తిప్పకుండా అన్నాడు. “పూజితా, దీని మొదటి సీజన్ కెల్లి మొత్తం పెట్టిపో బిడ్డా. వీళ్ళు రాత్రి బువ్వ తిని పోతరు.”

ఇద్దరూ మళ్ళీ బాల్కనీలోకి వచ్చి పడ్డారు. కింద వీధిలో పండ్ల బండివాడు అరుచుకుంటూ వెళ్తున్నాడు. పెళ్ళి ఖాయం. చెయ్యీ చెయ్యీ తగిలేంత దగ్గరగా నిలబడ్డారు.

“మరి ఇప్పుడు మీకేం ఇష్టం?” అడిగింది పూజిత.

నందకిశోర్ నిజాయితీగా ఆలోచించాడు. “ఎరుకలేదు. నీకు?”

“నాక్కూడ ఎరుకలేదు.”

పెళ్ళయ్యాక ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. మామూలు దంపతులు ఆ స్థితికి రావడానికి కనీసం ఓ ఏడాది కాపురం చేయాలి.